బుల్లెట్ తగిలింది ఛాతీలో.. ఎక్స్‌రేలో తేలింది తొడలో! రక్తనాళాల్లో తిరిగే తూటాను డాక్టర్లు ఎలా పట్టుకుంటారంటే..

తూటా తగిలింది. ఒంట్లోకి వెళ్లిన రంధ్రం కనిపిస్తోంది. బయటికి వచ్చిన రంధ్రం మాత్రం లేదు. అంటే తూటా లోపలే ఉండాలి. కానీ గాయం ఉన్న చోట ఎక్స్‌రే తీస్తే అక్కడ తూటా లేదు! మరి ఎక్కడికి పోయింది?

సినిమా ట్విస్ట్‌లా అనిపించినా ఇది డాక్టర్లకు నిజంగా ఎదురయ్యే సమస్యే. ఒంట్లోకి దిగిన తూటా ఒక్కోసారి రక్తనాళంలో పడుతుంది. అక్కడి నుంచి రక్తంతో పాటు కొట్టుకుపోయి గుండెలోనో, ఊపిరితిత్తిలోనో, కాలిలోనో తేలుతుంది. వైద్యులు దీన్ని ‘బుల్లెట్ ఎంబాలిజం’ అంటారు. చాలా అరుదు. కానీ సకాలంలో గుర్తించకపోతే కాలు పోవచ్చు, పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. గుర్తించడానికి ఉన్న ప్రధాన ఆయుధం ఇమేజింగ్. అంటే ఎక్స్‌రే, సీటీ స్కాన్, ఎకో లాంటి పరీక్షలు.

సిక్కోలు తీరానికి తుపాకీ గాయం తెలియనిదేం కాదు. థర్మల్ ప్లాంట్‌కు వ్యతిరేకంగా బీల భూముల కోసం జనం పోరాడుతుండగా 2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. మరో థర్మల్ ప్లాంట్ వివాదంలో 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి ప్రాంతంలో మళ్లీ తూటాలు పేలాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి, పలువురు గాయపడ్డారు. ఏజెన్సీ గ్రామాల్లో అడవి పందుల వేటకు వాడే నాటు తుపాకులు, పిల్లల చేతికి చిక్కే ఎయిర్ గన్‌లు కూడా ప్రమాదాలకు కారణమవుతాయి. అందుకే ఈ విషయం తెలుసుకోవడం పెద్దాసుపత్రి డాక్టర్లకే కాదు, నిమ్మాడ, టెక్కలి, పలాస లాంటి చోట్ల మొదట పేషెంట్‌ను చూసే సిబ్బందికి, వెంట వెళ్లే బంధువులకు కూడా అవసరమే.

*ఇంతకీ తూటా రక్తనాళంలోకి ఎలా వెళ్తుంది?*

పెద్ద రైఫిల్ తూటా చాలా వేగంగా వస్తుంది. చాలాసార్లు ఒంట్లోంచి దూసుకుపోయి అవతలి వైపు బయటపడుతుంది. చిన్న సైజు తూటా, ఎయిర్ గన్ పెల్లెట్, నాటు తుపాకీ గుళ్ల సంగతి వేరు. కండ, ఎముక దాటేసరికి వాటి వేగం దాదాపు అయిపోతుంది. ఆ చివరి క్షణంలో రక్తనాళం ఒక వైపు గోడను చీల్చి లోపలికి వెళ్తుంది కానీ, అవతలి గోడను చీల్చే బలం దానికి ఉండదు. అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత దాన్ని నడిపించేది తుపాకీ మందు కాదు.. రక్త ప్రవాహం.

సైజులు చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. గుండె నుంచి బయలుదేరే ప్రధాన ధమని, అంటే బృహద్ధమని, పెద్దవాళ్లలో 2 నుంచి 3 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. పిస్టల్ తూటా వెడల్పు 9 మిల్లీమీటర్లు. పాయింట్ 22 తూటా 5.6 మిల్లీమీటర్లు. మామూలు ఎయిర్ గన్ పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లే. పెద్ద కాలువలో పడిన కొబ్బరికాయ పిల్ల కాలువ తూము దగ్గర ఇరుక్కున్నట్టే, ఇవి కూడా తమ సైజు కంటే నాళం సన్నబడే చోటు దాకా వెళ్లి అక్కడ బిగుసుకుపోతాయి.

*తూటా వెళ్లే దారులు నాలుగు*

*మొదటిది ధమనుల దారి.* మంచి రక్తం మోసుకెళ్లే నాళాలివి. ఛాతీలోనో, పొట్టలోనో బృహద్ధమనికి గాయమైతే తూటా కిందికి జారి తొడ, మోకాలి వెనుక ఉన్న ధమనుల్లో ఇరుక్కోవచ్చు. అప్పుడు కాలికి రక్తం ఆగిపోతుంది. అదే మెడ వైపు వెళ్లే ధమనిలో పడితే మెదడుకు చేరి పక్షవాతం తెస్తుంది. నమోదైన కేసుల్లో ఎక్కువ భాగం ఈ ధమనుల దారివే. వీటిలో దాదాపు 80 శాతం మందిలో లక్షణాలు బయటపడతాయని వైద్య నివేదికలు చెబుతున్నాయి.

*రెండోది సిరల దారి.* చెడు రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే నాళాలివి. తొడలోనో, పొట్టలోనో సిరలో పడిన తూటా పైకి ప్రయాణించి గుండె కుడి వైపు గదుల్లోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల ధమనిలోకి చేరుతుంది. ఇక్కడే అసలు చిక్కుంది. ఈ దారిలో వెళ్లిన తూటా చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. మూడింట ఒక వంతు మందిలోనే ఇబ్బంది కనిపిస్తుంది. అంటే స్కాన్ చేస్తే తప్ప తెలీదు.

*మూడోది ఎదురు దారి.* రక్తం పైకి పోతున్నా, బరువైన సీసపు ముక్క కిందికి జారుతుంది. సిరల్లో పడిన తూటాల్లో సుమారు 15 శాతం ఇలా ప్రవాహానికి ఎదురు వెళ్తాయి. పేషెంట్‌ను ఎలా పడుకోబెట్టారు, ఎప్పుడు కూర్చోబెట్టారు అన్నది కూడా తూటా ఎటు పోతుందో నిర్ణయిస్తుంది.

*నాలుగోది దొంగ దారి.* ప్రతి నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య గోడలో పుట్టుకతో వచ్చిన చిన్న సందు పూర్తిగా మూసుకోకుండా మిగిలిపోతుంది. మామూలుగా దానితో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ సిరల్లోంచి వచ్చిన చిన్న పెల్లెట్ ఆ సందులోంచి ఎడమ వైపుకి దాటితే నేరుగా మెదడుకో, కాలికో చేరే అవకాశం ఉంది.

*ఎంత అరుదు? లెక్కలేం చెబుతున్నాయి?*

ఈ విషయంలో తరచూ ప్రస్తావించే లెక్క వియత్నాం యుద్ధానిది. అమెరికా సైనికుల రక్తనాళ గాయాల రిజిస్ట్రీలో సుమారు 7,500 కేసులు చూస్తే, అందులో 22 మందిలో ఇలా తూటా లేదా లోహపు ముక్క ప్రయాణించినట్టు తేలింది. అంటే 0.3 శాతం. 1978లో ఈ వివరాలు ప్రచురించారు. ఆ తర్వాత ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో రక్తనాళాలు దెబ్బతిన్న సైనికులను పరిశీలించినప్పుడు ఈ సంఖ్య దాదాపు 1.1 శాతంగా కనిపించింది. బాంబు పేలుళ్లలో వచ్చే చిన్న చిన్న ముక్కలు ఎక్కువ కావడం, సీటీ స్కాన్‌లు మెరుగుపడటం రెండూ దీనికి కారణం కావచ్చు.

అరుదు కావడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. ఒక డాక్టర్ తన సర్వీసు మొత్తంలో ఇలాంటి కేసు ఒక్కటి కూడా చూడకపోవచ్చు. చూసిన రోజున గుర్తుకు రాకపోతే పేషెంట్ నష్టపోతాడు.

*1834లో చెక్క ముక్క.. 1897లో తీరా కొండలు*

ఈ విషయం కొత్తదేం కాదు. 1834లో ఇంగ్లండ్‌లో ఒక బాలుడు సొంతంగా తయారుచేసుకున్న ఆట తుపాకీ పేలి చెక్క ముక్క ఛాతీలోకి దిగింది. కొన్ని వారాల తర్వాత అతను చనిపోయాడు. శవపరీక్షలో ఆ చెక్క ముక్క గుండె కుడి జఠరికలో దొరికింది. థామస్ డేవిస్ అనే వైద్యుడు దాన్ని నమోదు చేశారు. ఇలాంటి కేసుల చరిత్ర సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది.

అప్పటికి లోపల ఏముందో చూసే సాధనమే లేదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగితే, ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక లోహ శోధక యంత్రంతో ప్రయత్నించారు. ఫలితం లేకపోయింది. రెండున్నర నెలలకు గార్ఫీల్డ్ కన్నుమూశారు. 1895 నవంబర్‌లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలు కనిపెట్టాక పరిస్థితి మారిపోయింది. కొన్ని నెలల్లోనే ఒంట్లో తూటాలు వెతకడానికి వాటిని వాడటం మొదలైంది. 1897-98లో అప్పటి బ్రిటిష్ ఇండియా వాయువ్య సరిహద్దులోని తీరా కొండల్లో జరిగిన యుద్ధంలో సర్జన్ మేజర్ బీవర్ ఎక్స్‌రే యంత్రాన్ని మోసుకెళ్లి సైనికుల గాయాల్లో తూటాలు వెతికారు.

*మొదటి అనుమానం ఎక్కడ మొదలవుతుంది?*

ఖరీదైన మెషీన్ కంటే ముందు పనికొచ్చేది ఒక చిన్న లెక్క. ఒంటి మీద ఉన్న తూటా రంధ్రాలను, ఎక్స్‌రేలో కనిపించే తూటాలను కలిపి కూడితే సరి సంఖ్య రావాలి.

ఎలాగంటే, ఒక తూటా లోపలికి వెళ్లి బయటికి వస్తే రంధ్రాలు 2, తూటాలు 0. మొత్తం 2. లోపలే ఉండిపోతే రంధ్రం 1, తూటా 1. మళ్లీ 2. ఎన్ని తూటాలు తగిలినా మొత్తం సరి సంఖ్యే అవుతుంది. బేసి సంఖ్య వచ్చిందంటే ఏదో మిస్ అయినట్టు. రంధ్రం ఒక్కటే ఉండి, తూటా కనిపించకపోతే వెతుకులాట ఆపకూడదు.

ఈ లెక్కకూ మినహాయింపులు ఉన్నాయి. తూటా ముక్కలైతే లెక్క తప్పుతుంది. చర్మాన్ని రాసుకుంటూ పోతే తప్పుతుంది. పాత తూటా అప్పటికే ఒంట్లో ఉంటే తప్పుతుంది. నాటు తుపాకీలోంచి పదుల కొద్దీ గుళ్లు ఒకేసారి దిగితే లెక్కపెట్టడమే కష్టం. అలాగే కనిపించని ప్రతి తూటా రక్తనాళంలోనే ఉంటుందనీ కాదు. ఎముకకు తగిలి దారి మళ్లి ఉండొచ్చు. పేగుల్లోకి, శ్వాస నాళంలోకి, వెన్నుపాము కాలువలోకి వెళ్లి ఉండొచ్చు. అయినా సరే, లెక్క సరిపోలేదంటే ఒకటే మాట.. తల నుంచి కాళ్ల దాకా చూడాల్సిందే.

*ఎక్స్‌రే: పాతదే, కానీ మొదటిది*

తూటాను కనిపెట్టడంలో మామూలు ఎక్స్‌రే ఇప్పటికీ ముందుంటుంది. లోహం తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. ఏరియా ఆస్పత్రిలో కూడా దొరుకుతుంది. కాకపోతే సరిగ్గా తీయాలి, సరిగ్గా చదవాలి.

ఒక్క ఫిల్మ్ చాలదు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి కావాలి. ముందు నుంచి తీసిన ఫిల్మ్‌లో గుండె మీద తూటా కనిపిస్తే, అది గుండెలో ఉందా, గుండె వెనుక ఉందా, వీపు చర్మం కింద ఉందా చెప్పలేం. పక్క నుంచి చూస్తేనే లోతు తెలుస్తుంది. గాయం రంధ్రం దగ్గర చిన్న లోహపు క్లిప్ అతికించి ఫిల్మ్ తీస్తే, తూటా ఎక్కడ దిగింది, ఇప్పుడు ఎక్కడుంది అన్న తేడా ఒకే ఫిల్మ్‌లో కనిపిస్తుంది.

అంచులు కూడా కథ చెబుతాయి. కండలో ఆగిపోయిన తూటా అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటాయి. కొట్టుకుంటున్న గుండెలో ఉన్న తూటా ఫిల్మ్ తీసే క్షణంలో కూడా కదులుతుంది కాబట్టి అంచులు చెదిరినట్టు, మసకగా వస్తాయి. పక్కనున్న ఎముకలు స్పష్టంగా ఉండి తూటా ఒక్కటే మసకగా ఉంటే అనుమానించాలి. ఫిల్మ్‌కు దూరంగా ఉన్న తూటా అసలు సైజు కంటే పెద్దగా కనిపిస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. సైజు చూసి ఏ తుపాకీ తూటానో చెప్పేయడం అందుకే తొందరపాటు.

అన్నిటికంటే పెద్ద ఆధారం రెండు ఫిల్మ్‌ల మధ్య తేడా. ఉదయం పొట్టలో ఉన్న తూటా మధ్యాహ్నం ఛాతీలో కనిపిస్తే, ఇక సందేహం అక్కర్లేదు.

*సీటీ స్కాన్: నాళం లోపలా, బయటా?*

తూటా ఎక్కడుందో ఎక్స్‌రే చెబుతుంది. అది రక్తనాళం లోపల ఉందా, పక్కన ఆనుకుని ఉందా చెప్పేది సీటీ యాంజియోగ్రామ్. చేతి నరంలోంచి కాంట్రాస్ట్ డై ఎక్కించి స్కాన్ చేస్తే నాళాలన్నీ వెలుగుతాయి. డై ఒక చోట ఠక్కున ఆగిపోయి, సరిగ్గా అక్కడే తూటా ఉంటే విషయం తేలిపోయినట్టే. తూటా మొదట ఏ నాళాన్ని చీల్చిందో, అక్కడ రక్తం కారుతోందో లేదో కూడా ఇదే స్కాన్‌లో తెలుస్తుంది. ఇది ముఖ్యం. ఎందుకంటే పేషెంట్‌కు గాయాలు రెండు. ఒకటి తూటా ఇరుక్కున్న చోటు, రెండోది తూటా నాళంలోకి దూరిన చోటు. కాలిలో తూటా తీసేసి, ఛాతీలో చిల్లు వదిలేస్తే ప్రాణం దక్కదు.

సీటీకి ఒక బలహీనత ఉంది. లోహం చుట్టూ నక్షత్రంలా తెల్లని చారలు వచ్చి పక్కనున్న భాగాలను కప్పేస్తాయి. కొత్త మెషీన్లలో ఈ చారలను తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. గుండె దగ్గర ఉన్న తూటా కోసం గుండె కొట్టుకునే లయకు తగ్గట్టు ఈసీజీతో జత చేసి స్కాన్ చేస్తారు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. సీటీ మొదలుపెట్టే ముందు మెషీన్ ఒక పొడవైన ఎక్స్‌రే లాంటి చిత్రం తీస్తుంది. స్కాన్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని నిర్ణయించడానికి అది. దాన్ని తల నుంచి పాదాల దాకా పొడిగిస్తే, తప్పిపోయిన తూటా అక్కడే దొరకొచ్చు. నిమిషం కూడా పట్టదు.

*ఎకో, డాప్లర్: కదులుతున్నదాన్ని చూసే కళ్లు*

గుండెలో తూటా ఉందని అనుమానం వస్తే ఎకో చేస్తారు. రేడియేషన్ లేదు. మంచం దగ్గరికే మెషీన్ తెచ్చి చేయొచ్చు. తూటా గుండె గదిలో తేలుతోందా, కండలో గుచ్చుకుని ఉందా, కవాటాలకు దెబ్బ తగిలిందా, గుండె చుట్టూ రక్తం చేరిందా చూస్తారు. పైనుంచి సరిగ్గా కనిపించకపోతే అన్నవాహికలోకి గొట్టం పంపి చేసే ఎకో మరింత స్పష్టంగా చూపిస్తుంది. గుండె గోడలోని సందును కూడా పట్టుకుంటుంది. కాలికి రక్తం అందుతోందా లేదా అన్నది డాప్లర్ చెబుతుంది.

*ఎంఆర్ఐ మాత్రం వద్దు!*

స్పష్టమైన చిత్రం కావాలని ఎంఆర్ఐకి పంపడం ఇక్కడ ప్రమాదకరం. ఎంఆర్ఐ అంటే పెద్ద అయస్కాంతం. సీసం, రాగిని అయస్కాంతం లాగదు. కానీ చాలా తూటాల్లో ఉక్కు కూడా ఉంటుంది. నాటు తుపాకీలో ఏ ఇనుప ముక్క నింపారో ఎవరికి తెలుసు? రక్తనాళంలో ఉన్న ఇనుము అయస్కాంతానికి కదిలితే పరిస్థితి చేయి దాటిపోతుంది. తూటా ఏ లోహంతో తయారైందో తెలిసేదాకా ఎంఆర్ఐ జోలికి పోకూడదు.

*నిమ్మాడ నుంచి విశాఖకు.. దారిలో తూటా కదిలితే?*

అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. నిమ్మాడ పరిసరాల్లో ఎవరికైనా తుపాకీ గాయమైందనుకుందాం. 108లో టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్తారు. అక్కడ రక్తస్రావం ఆపి, సెలైన్ పెట్టి, ఎక్స్‌రే తీస్తారు. అక్కడి నుంచి శ్రీకాకుళం రిమ్స్. గుండె, రక్తనాళాల ఆపరేషన్ అవసరమైతే విశాఖ కేజీహెచ్. పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్లయితే ఒడిశాలోని బరంపురం కూడా వెళ్తారు. నేషనల్ హైవే మీద గంటల ప్రయాణం. స్ట్రెచర్ మీంచి స్ట్రెచర్ మీదికి మార్చడం, పక్కకి తిప్పడం, కూర్చోబెట్టడం.

ఈ లోపు తూటా కదలొచ్చు. టెక్కలిలో తీసిన ఎక్స్‌రే అబద్ధం కాదు, కానీ అది టెక్కలిలో ఉన్నప్పటి నిజం. విశాఖలో ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నప్పుడు అదే నిజం అనుకోవడానికి లేదు. పాత ఫిల్మ్ చూసి కోత పెడితే, తీరా తెరిచాక అక్కడ తూటా ఉండదు.

అందుకే సర్జన్లు పాటించే నియమం ఒకటుంది. కోత పెట్టే ముందు, పేషెంట్ టేబుల్ మీద ఉండగానే, మరోసారి చూడాలి. ఆపరేషన్ థియేటర్‌లో ఉండే సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే మెషీన్ దీనికి సరిపోతుంది. అలాగే ప్రతి ఫిల్మ్ మీద తేదీ, టైమ్ రాసి పేషెంట్‌తో పాటే పంపాలి. ఆ పాత ఫిల్మ్‌లు పారేస్తే, తూటా కదిలిందని చెప్పే ఆధారమే పోతుంది.

*ఉద్దానం కిడ్నీలకు డై తట్టుకుంటుందా?*

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస.. ఈ మండలాల పేరు చెబితే గుర్తొచ్చేది కిడ్నీ వ్యాధే. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని ఈ జబ్బు కోసమే పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిని 2023 డిసెంబర్ 14న ప్రారంభించారు. ఇక్కడి వాళ్లకు సీటీ యాంజియో అనగానే ఒక భయం సహజం. డై ఎక్కిస్తే ఉన్న కిడ్నీ కూడా పోతుందేమో?

భయంలో కొంత నిజం ఉంది, కానీ అంతా కాదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గిన వాళ్లకే డైతో ముప్పు ఎక్కువ. వడపోత రేటు 30 కంటే తక్కువ ఉన్నవాళ్లలో జాగ్రత్త తప్పనిసరి అన్నది ఇప్పటి వైద్య మార్గదర్శకాల సారాంశం. చాలామందికి తమ క్రియాటినిన్ ఎంతో తెలీకపోవడమే ఉద్దానంలో సమస్య. లక్షణాలు రాకముందే జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అందుకే బ్లడ్ టెస్ట్ పంపాలి, పాత రిపోర్టులు ఉంటే చూపించాలి, సెలైన్ తగినంత ఇవ్వాలి.

కానీ ప్రాణమో, కాలో పోయే పరిస్థితిలో క్రియాటినిన్ రిపోర్ట్ వచ్చేదాకా స్కాన్ ఆపకూడదు. రక్తం అందని కాలి కండకు ఉన్న గడువు దాదాపు 6 గంటలే. డై అవసరం లేని పరీక్షలు, అంటే ఎక్స్‌రే, ఎకో, డాప్లర్ ముందుగా చేసి, ఎక్కడ వెతకాలో తేల్చుకుంటే వాడాల్సిన డై కూడా తగ్గుతుంది.

ఉద్దానానికి ఇంకో సంబంధమూ ఉంది. రక్తనాళాల్లో కొట్టుకుపోయేవి తూటాలే కాదు. డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టే క్యాథెటర్ ముక్క విరిగినా, సన్నని వైరు జారినా అవి కూడా ఇదే సిరల దారిలో గుండెకు, ఊపిరితిత్తికి చేరతాయి. వాటిని వెతికే పద్ధతీ ఇదే. తీసేసిన క్యాథెటర్ పొడవు సరిపోయిందా అని చూడటం, సరిపోకపోతే ఎక్స్‌రే తీయడం.

*దొరికింది సరే.. తీయాలా, వదిలేయాలా?*

ధమనిలో ఉన్న తూటాను సాధారణంగా తీసేస్తారు. కాలికి, మెదడుకు రక్తం ఆపేస్తుంది కాబట్టి ఆలస్యం చేయరు. నాళాన్ని చిన్నగా కోసి, చివర బెలూన్ ఉన్న గొట్టంతో అడ్డు తొలగించే పద్ధతి ఉంది. థామస్ ఫొగార్టీ తెచ్చిన ఈ బెలూన్ క్యాథెటర్ 1963 నుంచి వైద్యులకు తెలుసు. కొన్నిసార్లు తొడ నాళంలోంచి ఉచ్చు లాంటి వైరు పంపి, స్క్రీన్ మీద చూస్తూ తూటాను బయటికి లాగుతారు.

సిరల వైపు, గుండె కుడి వైపు, ఊపిరితిత్తిలో ఉన్నదాన్ని ఏం చేయాలన్నది పేషెంట్‌ను బట్టి ఉంటుంది. గుండె గదిలో తేలుతున్నది మళ్లీ కదలొచ్చు కాబట్టి తీయడానికే ఎక్కువగా మొగ్గు చూపుతారు. కండలో గట్టిగా గుచ్చుకుని, ఏ ఇబ్బందీ లేకుండా ఉన్న చిన్న పెల్లెట్‌ను తీయడం కంటే, అప్పుడప్పుడూ ఎక్స్‌రే, ఎకో చేస్తూ గమనించడమే మేలని కొన్నిసార్లు నిర్ణయిస్తారు. కీళ్లలో ఉండిపోయిన సీసం ఏళ్ల తరబడి కరిగి రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది కాబట్టి ఫాలో-అప్ మానకూడదు.

*కేసు కోణం: తూటా ఆగిన చోటు, తగిలిన చోటు ఒకటి కాదు*

తుపాకీ గాయం అంటే ఆస్పత్రితో పాటు పోలీస్ కేసు కూడా. అయితే చికిత్స ముందు, కాగితాలు తర్వాత. ప్రాణాపాయంలో ఉన్న వ్యక్తికి చట్టపరమైన లాంఛనాల పేరుతో చికిత్స ఆపకూడదని పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది.

పోలీసు కాల్పుల మీద విచారణ జరిగినప్పుడు ప్రతిసారీ వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. తూటా నడుం పైన తగిలిందా, కిందా? ముందు నుంచా, వెనుక నుంచా? ఇలాంటి చోట తూటా ప్రయాణం పెద్ద తప్పుదారి పట్టించగలదు. తొడలో తూటా దొరికింది కాబట్టి తొడకే కాల్చారని ఎవరైనా రాస్తే? అసలు గాయం ఛాతీలో ఉంటే? తూటా చివరికి దొరికిన చోటు కాల్పుల దిశను చెప్పదు. చెప్పేది లోపలికి వెళ్లిన రంధ్రం, అది లోపల చేసిన దారి.

అందుకే గాయాల ఫొటోలు, రంధ్రాల కొలతలు, టైమ్ రాసిన ఎక్స్‌రేలు, సీటీ చిత్రాలు అన్నీ సాక్ష్యమే. తీసిన తూటాను కూడా లోహపు పటకారుతో గీతలు పడేలా పట్టుకోకూడదు. దాని మీదున్న గీతలే ఏ తుపాకీలోంచి వచ్చిందో చెబుతాయి. సీల్ చేసి, రాసి, సంతకంతో అప్పగించాలి. పోస్ట్‌మార్టం విషయంలోనూ అంతే. తూటా కనిపించకపోతే కోతకు ముందే మొత్తం శరీరానికి ఎక్స్‌రే తీయాలి.

*ఇంట్లో వాళ్లు ఏం చేయాలి?*

- రక్తం కారుతున్న చోట శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టాలి. 108కి ఫోన్ చేయాలి.

- గాయంలో వేలు, పుల్ల, పటకారు పెట్టి తూటా తీసే ప్రయత్నం అస్సలు చేయొద్దు.

- రక్తం ఆగింది, చిన్న ఎయిర్ గన్ పెల్లెట్టే కదా అని ఇంట్లోనే ఉండిపోవద్దు. చిన్న పెల్లెట్లకే రక్తనాళంలో ప్రయాణించే అవకాశం ఎక్కువ.

- ఒంటి మీద ఎన్ని రంధ్రాలు ఉన్నాయో డాక్టర్‌కు చెప్పాలి. వీపు, చంక, గజ్జలు, తల వెనుక కూడా చూడాలి. పాత తూటా, పాత ఆపరేషన్ ఉంటే దాచొద్దు.

- ఆస్పత్రి మారేటప్పుడు ప్రతి ఎక్స్‌రే, సీడీ వెంట తీసుకెళ్లాలి. ఏ టైమ్‌లో తీశారో అడిగి రాయించుకోవాలి.

- కిడ్నీ జబ్బు, డయాలసిస్, షుగర్ ఉంటే స్కాన్ రూమ్‌లోకి వెళ్లకముందే చెప్పాలి.

- గాయం ఎక్కడున్నా సరే.. కాలు చల్లబడటం, తెల్లబడటం, మొద్దుబారడం, ఒక్కసారిగా మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఆయాసం, గుండె దడ.. వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టర్‌ను పిలవాలి. ఛాతీలో గాయమైతే కాలు ఎందుకు చూపించాలి అనుకోవద్దు.

మెషీన్లు ఎన్ని మారినా ఈ విషయంలో డాక్టర్లు చెప్పేది ఒకటే. రంధ్రాల లెక్క సరిచూడాలి. లెక్క కుదరకపోతే తల నుంచి పాదాల దాకా వెతకాలి. దొరికాక కూడా, కత్తి పట్టే ముందు ఇంకోసారి చూడాలి. టెక్కలిలో తీసే ఒక మామూలు ఎక్స్‌రే, దాని మీద రాసిన టైమ్, విశాఖలో ఒక ప్రాణాన్ని నిలబెట్టొచ్చు.